ముఖాలు మూసిన ఫోటోలు

అనకాపల్లి,
ఏప్రిల్ 1949.

అమ్మా ఖమర్,

మీ అబ్బా దువాలు చేసి రాసేది. ఖుదా దయ వల్ల ఇక్కడ మీ అమ్మా నేనూ క్షేమం. క్షేమం అంటే నా దగ్గు నా దగ్గర, మీ అమ్మ సణుగుడు మీ అమ్మ దగ్గర, ఎవరి సొత్తు వాళ్ళ దగ్గర భద్రంగా ఉన్నాయని అర్థం. నువ్వూ, అల్లుడు నాగూర్ మీరా, మీ అత్తగారూ ఆ ఖరగ్‌పూర్ ఎండల్లో ఎలా ఉన్నారో అని రోజూ అనుకుంటున్నాం. నీ ఉత్తరం శుక్రవారం నమాజు వేళకి వచ్చింది. మీ అమ్మ చదివించుకుంది. మళ్ళీ చదవమంది. మూడోసారి అడిగితే, నేనేమైనా రేడియోనా అన్నాను. అందుకు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

ఊళ్ళో విశేషాలు అడిగేవు. బెల్లం బళ్ళు తగ్గేయి. కోటవురట్ల వైపు నుంచి ఒకటీ అరా వస్తున్నాయి. వాసన మాత్రం వీధిని వదల్లేదు. స్టూడియోకి జనం రావడం తగ్గింది. వచ్చినవాళ్ళు కూడా ఫోటో చూసి, "నేను ఇంత నల్లగా ఉంటానా?" అని నన్ను నిలదీస్తున్నారు. ఉంటావు నాయనా అంటే కోపం. పుస్తకాలు చదివి చదివి నాకు అబద్ధం చెప్పే ఓపిక పోయింది.

మీ అల్లావుద్దీన్ మామూ మొన్న పనిగట్టుకుని వచ్చేడు. కుర్చీలో కూర్చోకముందే మొదలెట్టేడు.

"ఏటి బావా, మన ఖమర్ అక్కడ ఆడోళ్ళకి ఫోటోలు తీత్తందట? ఏటిది? ఆడపిల్ల సెయ్యాల్సిన పనేనా?"

"నీ పెళ్ళికి ఫోటోలు తీయించుకున్నావు కదా. ఎవరెవరున్నారు అందులో?" అన్నాను.

"నేనున్నాను, మా నాన్నున్నాడు, గుర్రం ఉంది."

"మీ ఆవిడో?"

"అదేటి, ఆవిడ లోన పరదాలో ఉంటది కదా."

"అందుకే తీత్తంది," అన్నాను.

మీ అమ్మ లోపల్నుంచి నవ్వింది. తమ్ముడి మీద నేను గెలిచినప్పుడు ఆవిడ నవ్వడం మా పెళ్ళయ్యేక ఇదే మొదలు. అల్లావుద్దీన్ చాయ్ తాగకుండా వెళ్ళిపోయేడు. ఆ చాయ్ నేనే తాగేను.

నీ ప్రశ్నలకి వస్తాను. వంటింట్లో ఫిల్ము కడిగేటప్పుడు లాంతరుకి ఒక్క వరస ఎర్రగుడ్డ చాలదు, రెండు వరసలు చుట్టు. గుడ్డ గాజుకి తగిలి కాలకుండా చూసుకో. అది అచ్చ ఎరుపే ఉండాలి, నారింజ రంగు పనికిరాదు. తలుపు సందుల్లో దుప్పటి కుక్కుతున్నానన్నావు, మంచి పని. ఫిల్ము కడిగే పళ్ళేలు వంటకి మళ్ళీ వాడకు. ఎంత తోమినా సరే వాడకు.

ఇప్పుడు అసలు సంగతి. "అబ్బా, మీ పోయిన ఉత్తరం చదివేక కెమెరా ముట్టుకోలేదు" అని రాసేవు. మీ రైల్వే క్వార్టర్లలో, పక్కింటి దేముడమ్మ గారికి అవతల ఉండే ఫిట్టరు భార్య, వాళ్ళమ్మాయి పెళ్ళి రంజానుకి ముందొచ్చే షాబాన్ నెలలో పెట్టుకుందనీ, పిల్ల నాగపూర్ వెళ్ళిపోతుందనీ, లోపలికి వచ్చి పెళ్ళికూతురి ఫోటో నువ్వే తియ్యాలని అడుగుతోందనీ రాసేవు. "పెళ్ళి ఒక్కసారే అవుతుంది. నేను పాడుచేస్తే ఆ తల్లికి మళ్ళీ ఎక్కడ తెచ్చిస్తాను? నాకు చూపు ఉందా లేదా, నిజం చెప్పండి. లేదంటే కెమెరా అమ్మేస్తాను. ఒప్పుకోమంటారా, మానమంటారా?" అని అడిగేవు. ఆ తల్లికి ఈ నెలాఖరుకి జవాబు చెప్పాలి కదా. చెప్తాను. కొంచెం ఓపిక పట్టి మొత్తం చదువు. నీకు చిన్నప్పటి నుంచీ కథ చివర్న ఏమైందో ముందు అడగడం అలవాటు.

నువ్వు పంపిన ఫోటోల మీద పోయిన ఉత్తరంలో నేను రాసిన మాటలు మళ్ళీ తలుచుకున్నాను. నకలు ఉంచుకోలేదు, కానీ జ్ఞాపకం ఉన్నాయి. "గోడ వాలింది. కళ్ళు గుంటలు. చేతులు శవం చేతులు." పత్రికల్లో పుస్తకాల మీద రాసే పెద్దమనుషులు కొందరున్నారు. ఇల్లు బాగాలేదని చెప్తారు, తలుపు ఎక్కడ పెట్టాలో చెప్పరు. ఇన్నాళ్ళూ వాళ్ళని తిట్టుకుంటూ చదివేను. నీకు రాసినది అదే బాపతు. అందుకని ఈసారి తలుపు ఎక్కడ పెట్టాలో కూడా రాస్తున్నాను.

కళ్ళు గుంటల్లా రావడానికి కారణం నువ్వు మిట్టమధ్యాహ్నం పెరట్లో తియ్యడం. మగవాళ్ళు డ్యూటీకి వెళ్ళేక, వంటలయ్యేక కదా మీకు తీరిక. అప్పటికి సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. నుదురు తెల్లగా వస్తుంది, కళ్ళు నల్లగా పోతాయి. వెలుతురు ఎక్కువుంటే మంచిదనుకున్నావు. అందరూ మొదట అలాగే అనుకుంటారు. వాళ్ళని పెరట్లోంచి వసారాలోకి తీసుకురా. నీడలో కూర్చోబెట్టి, ముఖం పెరటి వైపు తిప్పించు. నువ్వు మాత్రం పెరట్లో నిలబడు. వెలుతురు ముఖం మీదకి ఎదురుగా వస్తుంది. పొద్దున్నే అయితే మరీ మంచిది. మగవాళ్ళు వెళ్ళీ వెళ్ళగానే వంట ఒక గంట ఆగుతుందేమో మీ అత్తగారిని అడుగు.

గోడ వాలడం నీ చేతి తప్పు కాదు. ఆ డబ్బా కెమెరా పైన చిన్న కిటికీ ఉంది చూడు, దాంట్లో ఎడమ కుడిగానూ కుడి ఎడమగానూ కనిపిస్తాయి. నువ్వు వంకర సరిదిద్దబోయి ఇంకా వంకర చేస్తున్నావు. కెమెరా చేత్తో పట్టుకోకు. బియ్యం డబ్బా మీద పీట వేసి, పీట మీద కెమెరా పెట్టు. మీట నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టు. ఇక ఎంత దూరం అంటే, నులక మంచం పొడుక్కి ఒకటిన్నర రెట్లు. అంతకన్నా దగ్గరికి వెళ్తే కెమెరా అద్దానికి ఆనదు, మసక వచ్చేస్తుంది. ప్రేమ కొద్దీ దగ్గరికి వెళ్తున్నావని నాకు తెలుసు. కెమెరాకి తెలీదు.

చేతులు. రోజంతా పనిచేసే ఆడవాళ్ళని ఖాళీ చేతులతో కూర్చోమంటే పోలీసు స్టేషన్లో కూర్చున్నట్టు కూర్చుంటారు. చేతికి ఏదైనా ఇయ్యి. చేట ఇయ్యి, తమలపాకు ఇయ్యి, ఒళ్ళో పిల్లాణ్ణి ఇయ్యి. "కదలొద్దు" అన్న మాట అనకు. ఆ మాట విన్న మనిషి లోపల్నుంచి బిగుసుకుంటుంది.

పెదాలు నల్లగా వచ్చేయి, సిరా తాగినట్టు, అది ఎందుకో తెలియలేదన్నావు. అది నాకు తెలుసు. ఫోటోకి అందంగా ఉండాలని అందరూ పాన్ వేసుకుని నోరు ఎర్రగా పండించుకుని కూర్చున్నారు కదా? నువ్వు వాడే ఫిల్ముకి ఎరుపు కనబడదమ్మా, నలుపే కనబడుతుంది. గోరింటాకు కూడా మసి పూసినట్టు వస్తుంది. ఫోటో అయ్యేక ఎంత పాన్ కావాలంటే అంత తినమను. పెళ్ళికూతురి ఎర్ర దుపట్టా సంగతి కూడా ఇదే. నల్లగా వస్తుంది. దానికి జరీ అంచు ఉంటే ఆ అంచు ముఖం చుట్టూ వచ్చేలా సర్దు. అప్పుడు ఆ నలుపే అందం.

ఇంతవరకూ రాసి కలం పక్కన పెట్టేను. చాయ్ తాగి వచ్చేను. ఇక చెప్పక తప్పదు.

పోయిన ఉత్తరంలో ఉన్న తప్పులు నేను పట్టినవి కావు, ఖమర్.

నీ ఫోటోలు వచ్చిన రోజు బల్ల మీద పరిచి చూసేను. ఊళ్ళో ఎవడి ఫోటో చూసినా క్షణంలో పది వంకలు పెట్టే మనిషిని నేను. నీ వాటిలో నాకు ఒక్క తప్పూ కనబడలేదు. గోడ వాలి ఉంటే నేను తల వంచి చూసి, సరిగానే ఉందనుకున్నాను. మా పిల్ల తీసిందని మురిసిపోతూ మురిసిపోతూ మీ అమ్మకి ఒక్కొక్కటీ చూపించేను. తర్వాత భయం వేసింది. నువ్వు అడిగింది మెచ్చుకోమని కాదు, నేర్పమని. నేర్పాల్సినవాడి కళ్ళే పనిచెయ్యకపోతే ఎలా?

అప్పుడు నేను త్రినాధరావు దగ్గరికి వెళ్ళేను.

అవును, ఆ త్రినాధరావే. వీధికి అటుపక్క స్టూడియో పెట్టి నా బేరాలు ఎగరేసుకుపోయినవాడు. నీకు పాలపళ్ళు ఊడే రోజుల్లో మేమిద్దరం ఒకే కొట్లో భాగస్తులం. స్కూలు గ్రూపు ఫోటోలో హెడ్మాస్టరు కళ్ళు మూసుకుపోయి వచ్చేయి. ఒకటి, రెండు, మూడు అంటానని చెప్పి నేను రెండు అనగానే వాడు నొక్కేసేడు. నేను మూడు అన్నాకే నొక్కేనని వాడు ఇప్పటికీ అంటాడు. ఆ రోజు విడిపోయిన వాళ్ళం, ఎదురుపడితే ఇద్దరం ఆకాశం కేసి చూస్తూ నడిచేవాళ్ళం. ఆ మధ్య ఆకాశం చూస్తూ నడిచి వాడు మురుక్కాలవలో కాలు పెట్టేడు. నాకు చాలా రోజులు ఆనందంగా గడిచింది.

నువ్వు ఆ ఆడవాళ్ళకి మాట ఇచ్చేవని నాకు తెలుసు. ఫిల్ము బయట కొట్టుకి ఇవ్వననీ, వంటింట్లో నేనే కడుగుతాననీ, మా అబ్బా తప్ప పరాయి మగాడు ఎవడూ మీ ముఖం చూడడనీ చెప్పి కూర్చోబెట్టేవు. ఆ మాట మీదే కదా వాళ్ళు ముసుగు తీసేరు. అందుకని వెళ్ళేముందు ఒక పని చేసేను. ఫిల్ము చుట్టలో వచ్చే నల్లకాగితం కత్తిరించి, ప్రతి ఫోటోకీ ముఖం ఉన్నచోట పట్టీలా చుట్టి, వెనకాల దారంతో ముడి వేసేను. మీ అమ్మ పక్కన కూర్చుని ముడులు వేసింది. ఎక్కడైనా గడ్డం కనబడితే, "ఇంకొంచెం కిందకి లాగండి, సుబ్బరంగా మూయండి" అని నాకు పని చెప్పింది.

త్రినాధరావు నన్ను చూసి కుర్చీలోంచి లేవలేదు.

"ఏటి బావా, దారి తప్పేవా? నీ కొట్టు అటుపక్క కదా."

"దారి తప్పలేదు. తప్పులు ఎతికే మనిషి కావాలి. ఈ ఊళ్ళో నీ అంత కుళ్ళుబోతు ఇంకోడు లేడు."

"అది నిజమే. కూకో," అన్నాడు.

ఫోటోలు చేతికిచ్చేను. తిప్పి తిప్పి చూసేడు.

"ఇదేటి, ఫోటోలకి బురఖా ఏసేవేటి?"

"ముఖాలు సూడకూడదు. మిగతాది సూసి సెప్పు."

"ముఖం సూడకుండా ఫోటో గురించి ఏటి సెప్పమంటావు? కూర మూత తియ్యకుండా ఉప్పు సూడమన్నట్టుంది."

"ఆసన సూసి సెప్పు," అన్నాను.

వాడు నవ్వేడు. భూతద్దం తీసేడు. ఒకటి చెప్పుకోవాలి, పని దగ్గర వాడు వెధవ కాడు. దారం జోలికి పోలేదు, పట్టీ మీద వేలైనా వెయ్యలేదు. మెడ కింద నీడ చూసి మిట్టమధ్యాహ్నం తీసిందన్నాడు, పట్టీ కింద కళ్ళు గుంటల్లా వచ్చుంటాయన్నాడు. తలుపు గుమ్మం చూసి గోడ వాలిందన్నాడు. చేతులు చూసి, "ఇయ్యి శవం సేతుల్రా బాబూ, బియ్యం ఏరే మనిషికి ఖాళీ సేతులేటి?" అన్నాడు. ఒక ఫోటో తీసి, "ఇది మొత్తం కదిలిపోయింది, పారెయ్యి" అన్నాడు. నేను కూర్చుని రాసుకున్నాను. వాడు చెప్తుంటే నేను రాసుకోవడం! ఆ దృశ్యం అల్లావుద్దీన్ కంట పడలేదు, అదే నా అదృష్టం.

లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి అన్నాడు, "ఖమరే కదా తీసింది?"

నేను చెప్పులు వేసుకుంటున్నాను.

"నేను సెప్పినట్టు రాసెయ్యకు బావా. మెత్తగా రాయి. సిన్నపిల్ల, బాధపడతది."

వాడు చెప్పినవన్నీ పొల్లుపోకుండా నీకు రాసేను, ఆ ఒక్కటి తప్ప. మెత్తగా రాయడం కూడా వాడి దగ్గరే నేర్చుకున్నట్టు అవుతుందని, ఇంకా కొంచెం గట్టిగానే రాసేను. నువ్వు కెమెరా పక్కన పెట్టింది అందుకే. వాడు చెప్పిన తప్పులకి విరుగుడు పైన రాసేను, అవి మాత్రం నావి.

వాడు ఒక్క ముఖం కూడా చూళ్ళేదు. కానీ చేతులు చూసేడు, చీరలు చూసేడు. నీ మాటలో అది కూడా ఉందని ఆ ఆడవాళ్ళు అనుకుంటే, తప్పు మా అబ్బాది అని చెప్పు. వాళ్ళు ఏమన్నా నేను పడతాను. ఇక ముందు నీ ఫోటో ఏదీ ఈ గుమ్మం దాటదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు గానీ ఆ ముడులు విప్పలేదు. ఆ పారెయ్యమన్న ఫోటో మీ అత్తగారిది. వంటింటి గుమ్మంలో, చేతిలో గరిటె. నువ్వు కూడా దాని వెనకాల "కదిలిపోయింది, పారెయ్యండి" అనే రాసేవు. పెన్సిలుతో అంతకు ముందు ఇంకో మాట రాసి కొట్టేసేవు. "అన్నం తినకుండా ఫోటోలేమిటని తిడుతున్నప్పుడు" అని. గరిటె పట్టిన చెయ్యి నిజంగానే కదిలిపోయింది, పొగలా ఉంది. పట్టీ తీసి చూస్తే ముఖం మాత్రం కదల్లేదు.

మీ అమ్మ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. నీ పెళ్ళి రోజు మీ అత్తగారు కరీమున్నీసా నీ మణికట్టు పట్టుకుని, "ఇంత సన్నగా ఉంది, ఇంటి పని ఏం చేస్తుంది?" అంది. ఆ మాట మీ అమ్మ గుండెలో ముల్లులా ఉండిపోయింది. నీ ఉత్తరాల్లో "నేను బాగానే ఉన్నాను" అని ఉన్నచోటల్లా, బాగాలేదు కాబట్టే అలా రాస్తోందని వాదించేది. నేను చదివిన పుస్తకాలన్నీ కలిపినా ఆ వాదానికి జవాబు దొరకలేదు.

ఆ ఫోటో తీసుకుని వెలుతురు కోసం వీధి గుమ్మం దాకా వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వెళ్ళి చూస్తే తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది.

"ఈవిడ ఎవర్ని సూత్తంది?" అంది.

"ఇంకెవర్ని? కెమెరా పట్టుకున్నదాన్ని."

"మన ఖమర్నా?"

"ఆఁ."

"తిడతందన్నారు కదా?"

"తిడతందనే రాసింది."

మళ్ళీ చూసింది. "తిట్టే మనిషి ఇలా సూడదండీ. మన పిల్ల కూడు సల్లారిపోతందని ఈవిడ బాధ." అని పైటతో ముఖం తుడుచుకుంది. "అది అక్కడ బాగానే ఉంది," అంది. ఇన్నాళ్ళకి ఆ మాట ఆవిడ నోట వినడం. ఆ సాయంత్రం నేను అడక్కుండానే రెండో చాయ్ వచ్చింది.

ఖమర్, నా స్టూడియోలో ఎన్ని ముఖాలు తీసేనో నాకే తెలీదు. బెల్లం షావుకార్లు, మున్సిపాలిటీ పెద్దలు, కొత్త దంపతులు. గోడ ఒక్కటీ వాలలేదు. చేతులన్నీ చక్కగా మోకాళ్ళ మీదే ఉన్నాయి. అందరూ పళ్ళు పీకే డాక్టర్ని చూసినట్టు నన్ను చూసేరు. నువ్వు తీసినవాళ్ళందరూ నిన్ను చూస్తున్నారు. వాలిన గోడ ముందు, పాన్ నోటితో, ఎండకి కళ్ళు చికిలించి, నిన్నే చూస్తున్నారు. త్రినాధరావుకి అది తెలిసే దారి లేదు, నేను మూసేసేను కదా. దాని గురించి చెప్పడానికి ఈ ఊళ్ళో హక్కు ఉన్న మగాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని చెప్తున్నాను. నీకు చూపు ఉంది. గోడలూ ఎండలూ పీటలూ నేర్చుకుంటే వస్తాయి, నేర్పడానికి నేనున్నాను. నేను చాలకపోతే వీధికి అటుపక్క ఇంకో ముసలాడున్నాడు.

మిగతా ఫోటోలు ఈ కవరులోనే పంపుతున్నాను. ప్రతిదాని వెనకాలా ఏం బాగుందో ముందు రాసి, ఏం మార్చాలో తర్వాత రాసేను. మీ అత్తగారి ఫోటో పంపడం లేదు. మీ అమ్మ ఇవ్వనంది.

పెళ్ళికూతురి ఫోటో ఒప్పుకో. ఈ ఉత్తరం అందిన రోజే ఆ తల్లికి వెళ్ళి చెప్పు. పొద్దున్న వసారాలో తియ్యి, జరీ అంచు సర్దు, కెమెరా పీట మీద పెట్టు. అంతా అయ్యేక, పెళ్ళికూతురిని నీ వైపు చూడమని చెప్పకు. వాళ్ళమ్మని తీసుకొచ్చి కెమెరా పక్కన నీ భుజానికి ఆనించి నిలబెట్టు. ఏదైనా మాట్లాడమను, తిట్టినా పరవాలేదు. పిల్ల తల ఎత్తి వాళ్ళమ్మని చూస్తుంది. అప్పుడు నొక్కు.

ఇట్లు,
నిన్ను దీవించే మీ అబ్బా,
ఖాదర్ వలి